ముక్కు మీద డెబ్బై కిలోలు

మా తాతయ్య హార్మ్ వోల్టింగ్ ముప్పై ఎనిమిదేళ్ళు ఒకే వంతెనను ఎత్తాడు, దించాడు. అదే ఆయన ఉద్యోగం. డ్రెంతె జిల్లాలో మా ఊరి మధ్య నుంచి పోయే కాలువ మీద వంతెన, దాని పక్కన గాజు గది, గదిలో తాతయ్య. పడవ వస్తే గంట కొట్టి, రోడ్డుకు అడ్డకర్ర దించి, వంతెన ఎత్తేవాడు. పడవ పోయాక దించేవాడు. వేసవిలో సెలవులకు పోయే పడవల వాళ్ళు ఆయన్ని చూసి చేతులూపేవాళ్ళు. తాతయ్య తిరిగి ఊపేవాడు కాదు. "రెండు చేతులూ మీటల మీద ఉంటే ఏ చేత్తో ఊపను?" అనేవాడు. మీటలు వదిలేశాక కూడా ఊపేవాడు కాదు, అది వేరే సంగతి.

ఒకసారి మేయరుగారు అడ్డకర్ర దిగుతుంటే కారు ముందుకు తెచ్చి, తొందరగా ఉంది, పోనివ్వమన్నారట. "మీ కారుకి ఈత వస్తే పోనిస్తానండి" అన్నాడట తాతయ్య. ఈ కథ మా అమ్మమ్మ రూలీ ప్రతి పుట్టినరోజుకీ చెప్పేది. అందరూ నవ్వేవాళ్ళు. తాతయ్య మాత్రం అందులో నవ్వడానికేముందో తెలియనట్టు కాఫీ కలుపుకునేవాడు. నిజంగానే తెలియదనుకుంటాను.

ఏడాదికి మూడు వారాలు ఆ గాజు గదిలో ఇంకెవరో కూర్చునేవారు. ఆ మూడు వారాలూ తాతయ్య, అమ్మమ్మ కారు వెనక క్యారవాన్, అంటే పడకలున్న చక్రాల గది, తగిలించుకుని లక్సెంబర్గ్ వెళ్ళేవాళ్ళు. సూర్ నది ఒడ్డున క్యారవాన్లు నిలుపుకునే అదే విడిది, పద్నాలుగో నంబరు జాగా. ముప్పై ఒక్క వేసవులు. నేను నాలుగో ఏట నుంచి పదమూడో ఏట దాకా వెనక సీట్లో ఉన్నాను. తర్వాత తాతయ్యతో సెలవులకు వెళ్ళడం పరువు తక్కువ అనిపించి మానేశాను. ఆ పరువును పెట్టుకుని నేను చేసిందేమీ లేదు. చదువు మధ్యలో ఆపి బేకరీలో రొట్టెలు కోసే యంత్రం దగ్గర చేరాను.

ఆ ఇంట్లో పని పంపకం ఒకటి ఉండేది. కారు తాతయ్యది, క్యారవాన్ లోపలంతా అమ్మమ్మది. ఆయన టైర్లలో గాలి చూసేవాడు, పక్కలకు పొడుగు అద్దాలు బిగించేవాడు, వెనక దీపాలు వెలుగుతున్నాయో లేదో చూసేవాడు, క్యారవాన్ ముక్కును కారు వెనకున్న ఇనుప బంతి మీద దించి టక్కున పడిందా లేదా అని పైకి లాగి చూసేవాడు. ఒకవేళ ఊడితే దానంతటదే బ్రేకు పడేలా చేసే తీగను కూడా తగిలించేవాడు. ఆవిడ సామాను సర్దేది. బయల్దేరేదాకా ఆయన లోపలికి తొంగి చూడడు, ఆవిడ బయట వేలు పెట్టదు. దేశంలో సగం ఇళ్ళు ఇలాగే సెలవులకు బయల్దేరతాయి, అదేమంత విడ్డూరం కాదు.

తాతయ్యకు ఒకే ఒక్క గొప్ప ఉండేది. "ముప్పై ఒక్క ఏళ్ళలో నా బండి తోక ఊపలేదు" అనేవాడు. పెద్ద రోడ్డు మీద క్యారవాన్ తోక ఊపడం, అంటే వెనక భాగం అటూ ఇటూ ఊగడం, మొదలెడితే ఏమవుతుందో మాలో అందరికీ తెలుసు. ప్రతి జూలైలో రేడియోలో చెబుతూనే ఉంటారు, ఫలానా చోట క్యారవాన్ బోల్తా, రోడ్డు మూసేశారు, గంట ఆలస్యం అని. ఆ వార్త వచ్చినప్పుడల్లా తాతయ్య, "చేతులు ఊరుకోవు వాళ్ళకి" అనేవాడు. ఆయన చేతులు ఊరుకుంటాయని అర్థం. అమ్మమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ పుదీనా బిళ్ళ చప్పరించేది.

అమ్మమ్మ మార్చిలో పోయింది. గుండె. పొద్దున్న పోయింది, సాయంత్రానికి ఫోన్లన్నీ అయిపోయాయి. అంత్యక్రియల తర్వాత అందరికీ కాఫీ, కేకు ఇచ్చారు. తాతయ్య రెండు ముక్కలు తిన్నాడు. నేనూ రెండు తిన్నాను. ఏం కేకో గుర్తు లేదు.

ఆ తర్వాత తాతయ్య అన్నీ సరిగ్గానే చేశాడు. ఆరింటికి లేచేవాడు, గడ్డం గీసుకునేవాడు, ఆరున్నరకు కాలువ గట్టు మీద నడిచి వచ్చేవాడు. ఏమడిగినా "ఊఁ" అనేవాడు. ఆకలేస్తుందా అంటే ఊఁ. ఆకలేయట్లేదా అన్నా ఊఁ. మా అమ్మ డీనెకె మున్సిపాలిటీలో పని చేస్తుంది, ప్రతిదానికీ ఒక ఫారం ఉంటే తప్ప ఆవిడకు నిద్ర పట్టదు. ఆవిడ మే నెలలో ఒక నిర్ణయం తీసుకుంది.

"నాన్నా, ఆ క్యారవాన్ అమ్మేద్దాం. ఆసెన్ నుంచి ఒక జంట అడుగుతోంది."

"ఊఁ."

"ఊఁ అంటే సరేననా?"

"ఊఁ అంటే విన్నానని. జూలైలో వెళ్తున్నాను."

"ఒక్కడివా? డెబ్బై ఆరేళ్ళు వచ్చాయి నీకు. పక్కన చూసేవాళ్ళు లేకుండా ఆ కొండల్లోనా?"

"ఫెన్నా వస్తుంది."

ఫెన్నా అంటే నేను. నన్నెవరూ అడగలేదు. అమ్మ నావైపు చూసింది. డ్రైవింగ్ పరీక్ష రెండుసార్లు తప్పినదాన్ని నేను.

"దీన్ని తీసుకెళ్ళడం కంటే కుక్కని తీసుకెళ్ళడం నయం" అంది అమ్మ.

"కుక్క లేదుగా" అన్నాడు తాతయ్య. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

చివరికి ఒప్పందం కుదిరింది. ఈ ఒక్కసారి వెళ్ళి రావచ్చు. ఏ ఇబ్బందీ లేకుండా వెళ్ళి, ఏ ఇబ్బందీ లేకుండా వస్తే క్యారవాన్ ఉంటుంది, వచ్చే ఏడాది సంగతి వచ్చే ఏడాది. దారిలో ఏమైనా తేడా వస్తే, చిన్నదైనా సరే, ఆసెన్ వాళ్ళకు ఇచ్చేయాలి. "మాటేనా?" అంది అమ్మ. "మాటే" అన్నాడు తాతయ్య. ఆయన మాటను వెనక్కి తీసుకోవడం ఆ ఊళ్ళో ఎవరూ చూడలేదు. ఆ బండి పోతే తాతయ్యకు ఇంక ఆరింటికి లేవడం, గడ్డం గీసుకోవడం, గట్టు మీద నడవడం తప్ప ఏమీ మిగలదని నాకు తెలుసు. ఆయనకూ తెలుసు. ఆ సంగతి మేము మాట్లాడుకోలేదు.

బయల్దేరే ముందు రోజు నేను సాయానికి వెళ్ళాను. సామాను సర్దే వేళ తాతయ్య మొదటిసారి క్యారవాన్ లోపల నిలబడి ఉన్నాడు, ఎవరి ఇంట్లోకో పిలవకుండా వచ్చినట్టు. నేను సూప్ డబ్బాల పెట్టె మోసుకొచ్చి ముందు బెంచీ మీద పరుపు ఎత్తబోయాను. దాని కింద పెద్ద అర ఉంటుంది.

"అది వద్దు. అది మీ అమ్మమ్మది" అన్నాడు.

"మరి ఇవెక్కడ పెట్టను?"

"వెనక మంచం కింద పెట్టు."

వెనక మంచం కింద పెట్టాను. గుడారం, దాని ఇనుప కర్రలు, పనిముట్ల పెట్టె, నీళ్ళ క్యాన్లు, డబ్బాలు అన్నీ వెనక్కే వెళ్ళాయి. ముందు అర మూత ఎవరూ ఎత్తలేదు. బంగాళాదుంపల గురించి అడిగాను. ప్రతి ఏడాదీ అమ్మమ్మ రెండు బస్తాలు ఇంటి నుంచే మోయించేది. పరాయి దేశపు దుంప ఉడికితే పిండైపోతుందని ఆవిడ నమ్మకం.

"అక్కడే కొనుక్కుందాం" అన్నాడు తాతయ్య.

ఆ సాయంత్రం ఈ మాట అమ్మకు చెప్పాను. అమ్మ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. "దుంపలు అక్కడ కొంటానన్నాడా? నాన్నకి ఒంట్లో బాగోలేదే" అంది.

పొద్దున్న అయిదింటికి బయల్దేరాం. జ్వొల్లె దాటాం, ఆర్నెమ్ దాటాం. తాతయ్య ఎనభై అయిదు దాటడు. లారీలు కూడా మమ్మల్ని దాటుకుని పోతున్నాయి. ప్రతి రెండు గంటలకూ ఆగి కారు చుట్టూ తిరిగి టైర్లు చేత్తో తాకి చూసేవాడు. ఫ్లాస్కులో కాఫీ తాగేవాడు. నా సీటు పక్కనున్న అద్దం సర్దుకునే బాధ్యత నాకిచ్చాడు. నేను అందులో నా జుట్టు చూసుకున్నాను.

"తాతయ్యా, అమ్మమ్మ ఇక్కడ కూర్చుని ఏం చేసేది?"

"ఏమీ చేసేది కాదు."

"మాట్లాడేదా?"

"ఊఁ."

బెల్జియంలోకి వచ్చి లియేజ్ దాటాక రోడ్డు ఆర్డెన్ కొండలెక్కుతుంది. ఎక్కినంతసేపూ బాగానే ఉంది. ఒక పొడుగాటి దిగుడు మొదలైంది. మా ఊళ్ళో దిగుడంటే వంతెన దిగడమే. అప్పుడే ఒక పెద్ద టూరిస్టు బస్సు మమ్మల్ని దాటింది. దాని గాలి మా బండిని ఒక పక్కకు నెట్టింది, తర్వాత లోపలికి లాగింది. నా అద్దంలో రోడ్డు కనబడాల్సిన చోట క్యారవాన్ తెల్లటి గోడ కనబడింది. తర్వాత మాయమైంది. మళ్ళీ కనబడింది, ఈసారి ఇంకా ఎక్కువ.

"తాతయ్యా, ఊగుతోంది."

"ఊఁ."

కారు వెనక భాగం కూడా పక్కకు జరగసాగింది. ఎడమకు, కుడికి, మళ్ళీ ఎడమకు. వెనక అలమరాలో కప్పులు పగిలిన చప్పుడు కారులోకి వినిపించింది. పక్క వరుసలో కారు ఒకటి హారన్ మోగిస్తూనే ఉంది.

"బ్రేకు! బ్రేకు వెయ్యి!"

"నోరు ముయ్యి ఫెన్నా."

ఆయన బ్రేకు తొక్కలేదు. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీశాడు, అంతే. రెండు చేతులతో స్టీరింగు కదలకుండా పట్టుకున్నాడు, మీటలు పట్టుకున్నట్టు. బండి ఎటు ఊగినా ఆయన ఎదురు తిప్పలేదు. ఎనభై, డెబ్బై అయిదు, డెబ్బై. ఊపు చిన్నదయింది. అరవై దగ్గర తోక నిలబడింది. హారన్ కొట్టిన కారు ముందుకు పోయింది. నాకు భయం వెయ్యలేదు. వెయ్యాల్సింది కాబోలు. సీటు కింద నా వేళ్ళు స్పాంజిలోకి దిగిపోయి ఉన్నాయని తర్వాత చూసుకున్నాను.

మొదట వచ్చిన విశ్రాంతి జాగాలోకి తిప్పి ఆపాడు. ఇంజను ఆపాడు. జేబులోంచి పుదీనా బిళ్ళల పొట్లం తీసి నాకొకటి ఇచ్చి తానొకటి వేసుకున్నాడు. పొట్లంలో మూడోది పైకి తోసి, ఒక్క క్షణం చూసి, వేలితో మళ్ళీ లోపలికి నొక్కాడు.

"ఊపింది" అన్నాడు.

దిగి టైర్లు చూశాడు. గాలి సరిగ్గా ఉంది. బోల్టులు బిగుతుగా ఉన్నాయి. కొక్కెం బంతిని గట్టిగానే పట్టుకుని ఉంది. మోకాళ్ళు సహకరించకపోయినా వంగి కింద కూడా చూశాడు. ఎక్కడా తప్పు లేదు. ఆయన వంతు పనంతా సరిగ్గా ఉంది.

"చేతులు కదలలేదు" అన్నాడు, నాతో కాదు.

"కదల్లేదు తాతయ్యా. చూశాను."

"మరెందుకు ఊగింది?"

పక్కనే ఒక వాన్ ఆగి ఉంది. దాన్ని నడిపేవాడు, బెల్జియం మనిషి, రొట్టె నములుతూ మా బండిని ఎగాదిగా చూశాడు. "వెనక బరువెక్కువైంది మామా. చూడు, ముక్కు ఎలా పైకి లేచిందో. కోడిపుంజులా ఉంది. ముక్కు మీద బరువుంటేనే తోక ఊరుకుంటుంది" అన్నాడు మా భాషలోనే, కొంచెం వాళ్ళ యాసలో. తాతయ్య బండి ముక్కు వైపు చూశాడు. వాడు భుజాలెగరేసి రొట్టె పూర్తి చేశాడు.

నేను లోపలికి వెళ్ళాను. నేలంతా కప్పు పెంకులు. ముందు బెంచీ మీద పరుపు తీసి, మూత ఎత్తాను. తాతయ్య తలుపు దగ్గర నిలబడి వద్దనలేదు.

అరలో మూడే వస్తువులున్నాయి. మడిచిన ఖాళీ గోనె సంచులు రెండు. నా మోకాలంత పొడుగుకు కోసిన చీపురు కర్ర ముక్క. ఒక తూకం, బాత్రూంలో ఒళ్ళు తూచుకునేది. ఆ తూకం కోసం మా అమ్మ ఏళ్ళుగా వెతుకుతోంది. అమ్మమ్మను అడిగితే, "లావయ్యానని చెప్పింది, విసిరేశాను" అనేది.

కర్ర ముక్క చూడగానే నాకు గుర్తొచ్చింది. ఆరేడేళ్ళప్పుడు. తాతయ్య ఇంట్లో కాఫీ తాగుతుంటే అమ్మమ్మ నన్ను క్యారవాన్ ముందుకు పిలిచేది. తూకం నేల మీద పెట్టి, దాని మీద ఆ కర్రను నిలబెట్టి, కర్ర మీద బండి ముక్కును ఆనించేది. ముక్కు కిందున్న చిన్న చక్రాన్ని పైకి తిప్పి, ముక్కు బరువంతా కర్ర మీద పడేలా చేసేది. "పిల్లా, నా కళ్ళకి ఆనదు, ఎంతో చదువు" అనేది. నేను బోర్లా పడుకుని చదివేదాన్ని. యాభై ఎనిమిది. ఆవిడ లోపలికి వెళ్ళి దుంపల బస్తా ముందుకు జరిపేది. అరవై ఆరు. డబ్బాలు ఇటు తెచ్చేది. డెబ్బై. "ఆఁ చాలు. లే, బట్టలు దులుపుకో. ఆయనకి చెప్పకు" అనేది. నాకు అదొక ఆట. దేనికని అడగలేదు. అడిగే రకాన్నే అయితే బడిలోనే ఉండేదాన్ని.

ఇదంతా తాతయ్యకు చెప్పాను. చెప్పడానికి ఎక్కువసేపు పట్టలేదు.

ఆయన క్యారవాన్ మెట్టు మీద కూర్చున్నాడు. "ప్రతిసారీనా?" అన్నాడు.

"నేను వచ్చినప్పుడల్లా."

"డెబ్బై."

"డెబ్బై."

"తిరిగొచ్చేటప్పుడు దుంపలు ఉండేవి కావుగా. తినేసేవాళ్ళం."

నేను అరలోని గోనె సంచుల వైపు చూశాను. ఆయనే అన్నాడు, "రాళ్ళు."

మా తాతయ్య ఇంటి ముందు పూలమడి చుట్టూ నున్నటి నదిరాళ్ళు వరసగా ఉంటాయి. అమ్మమ్మ ప్రతి ఏడాదీ సూర్ నదిలోంచి ఏరి గోనె సంచుల్లో మోసుకొచ్చేది. ఇంటికొచ్చే ప్రతివాళ్ళతో తాతయ్య అనేవాడు, "జనం లక్సెంబర్గ్ నుంచి వైన్ తెచ్చుకుంటారు, మా ఆవిడ రాళ్ళు తెచ్చుకుంటుంది" అని. ముప్పై ఏళ్ళ జోకు అది. ఆవిడ కూడా నవ్వేది.

తాతయ్య లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "ముందు చక్రం దించు" అన్నాడు.

కారు నుంచి బండి విప్పేశాం. తూకం పెట్టి, కర్ర నిలబెట్టి, ముక్కు దించాం. నేను తారు రోడ్డు మీద బోర్లా పడుకున్నాను.

"ఎంత?"

"ఇరవై రెండు."

ఆయన "ఊఁ" అనలేదు. ఇంకోసారి చదవమన్నాడు. ఇరవై రెండే. అప్పుడు గుడారం కర్రలు ఇరుసు మీదికి, బండి నడిమికి, తెచ్చాం. డబ్బాలు ముందు అరలోకి, పనిముట్ల పెట్టె అరలోకి. నీళ్ళు పారబోశాం. యాభై ఒకటి వచ్చింది. ఇంక ముందుకు తేవడానికేమీ లేదు.

"మెల్లగా పోదాం తాతయ్యా, యాభై చాలదూ?"

"చాలదు."

అరవై మీద నడుపుకుంటూ తర్వాతి మలుపులో పెద్ద రోడ్డు దిగాం. ఒక పొలం పక్కన దుంపల పెట్టె ఉంది, నాణేలు వేస్తే అర తెరుచుకునేది. తాతయ్య పది కిలోల సంచీలు రెండు కొన్నాడు. డెబ్బై ఆరేళ్ళలో ఆయన కొన్న మొదటి పరాయి దుంపలవి. సంచీ మీద పేరు చదివి, "ఇవి ఉడికితే పిండైపోతాయి" అన్నాడు. రెండూ ముందు అరలో పెట్టి మళ్ళీ తూచాం.

"డెబ్బై" అన్నాను.

నిజానికి అరవై తొమ్మిదిన్నర. ఆయన నావైపు చూశాడు. లేచి, మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని తానే చదివాడు. కారులోంచి కాఫీ ఫ్లాస్కు తెచ్చి అరలో పెట్టాడు. "ఇప్పుడు డెబ్బై" అన్నాడు.

మిగతా దారంతా బండి పట్టాల మీద పోయినట్టు పోయింది. బస్సులు దాటాయి, లారీలు దాటాయి. నా అద్దంలో రోడ్డే కనబడింది.

సాయంత్రం విడిదికి చేరాం. పద్నాలుగో నంబరు జాగా ఎదురుగా మాలాగే ఏటా వచ్చే జేలాండ్ మనిషి బెర్టస్ ఎప్పట్లాగే మడత కుర్చీలో ఉన్నాడు. కొత్తగా వచ్చిన బండి జాగాలోకి వెనక్కి దూరడం చూడటమే అక్కడ అందరికీ సాయంత్రపు వేడుక. అమ్మమ్మ వెనక నిలబడి చేతులూపి దారి చూపేది. ఇప్పుడు నేను ఊపాను. తాతయ్య చెట్టుకు గుద్దబోయి ఆపాడు.

"ఏయ్ హార్మ్!" అన్నాడు బెర్టస్. "ఈ గాలిమరని ఎక్కడ పట్టుకొచ్చావు? రూలీ ఏది, దుకాణానికి పోయిందా?"

"మార్చిలో పోయింది" అన్నాడు తాతయ్య కిటికీలోంచి.

బెర్టస్ కుర్చీలోంచి లేచాడు. ఏం చెయ్యాలో తెలియక చేతిలోని కప్పు చూసుకున్నాడు. "కాఫీ తాగుతావా?"

"బండి పెట్టాక. సగం కప్పు."

బెర్టస్ వచ్చి నన్ను పక్కకు జరిపి తాను చేతులూపాడు. ఒక్కసారికే జాగాలో పడింది.

రాత్రి భోజనానికి ముందు అమ్మ నుంచి ఫోన్ వచ్చింది. నేను ముందే తాతయ్యకు చెప్పి పెట్టాను. "ఏమీ కాలేదుగా తాతయ్యా. గీత కూడా పడలేదు. నాలుగు కప్పులు పగిలాయి, అవి నేను పగలగొట్టానని చెప్తాను. ఎలాగూ నమ్ముతుంది."

ఆయన ఫోన్ తీసుకున్నాడు. అమ్మ గొంతు నాక్కూడా వినిపిస్తోంది.

"చేరారా నాన్నా? దారిలో బాగానే ఉందా?"

"ఊపింది" అన్నాడు తాతయ్య.

"ఏమిటి?"

"తోక ఊపింది. ఆర్డెన్ దిగుడులో. బండిలో ఫెన్నా ఉంది."

నేను సైగ చేస్తున్నాను, కారణం చెప్పు, దుంపల సంగతి చెప్పు, డెబ్బై సంగతి చెప్పు అని. ఆయన నావైపు చూడలేదు.

"ఆసెన్ వాళ్ళకి ఫోన్ చెయ్యి" అన్నాడు. "మూడు వారాలకి వస్తాం." ఫోన్ నాకిచ్చేసి దుంపలు ఒలవడానికి కూర్చున్నాడు.

"ఎందుకు చెప్పావు?" అన్నాను తర్వాత.

"అడిగిందిగా."

దుంపలు ఉడికి పిండైపోయాయి. తిన్నాం.

ఆ మూడు వారాల్లో చెప్పుకోదగ్గది పెద్దగా లేదు. తాతయ్య ఆరింటికి లేచేవాడు, గడ్డం గీసుకునేవాడు, నది ఒడ్డున నడిచి వచ్చేవాడు. వానలు పడ్డాయి. బెర్టస్‌తో చదరంగం ఆడి రోజూ ఓడిపోయాడు. దుంపలు తరుగుతుంటే రెండు రోజులకోసారి అర తెరిచి చూసేవాడు. చివరి రోజు ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి నదిలోకి దిగాడు. నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయో నేను ఒడ్డున వేలు ముంచి చూశాను, అది చాలు నాకు. ఆయన ఒక్కొక్క రాయి తీసి, చేతిలో బరువు చూసి, కొన్ని వదిలేసి కొన్ని నాకందించాడు. గోనె సంచీ నింపాం. బండి దగ్గర నేను బోర్లా పడుకున్నాను.

"యాభై ఎనిమిది."

రెండు రాళ్ళు.

"అరవై ఆరు."

ఒకటి.

"డెబ్బై. నిజంగా డెబ్బై, కావాలంటే చూసుకో."

ఆయన చూసుకున్నాడు. అప్పుడే బయల్దేరాం. దారంతా బండి ఒక్కసారి కూడా కదలలేదు. ఆ సంగతి ఇంటికి వెళ్ళాక ఆయనా చెప్పలేదు, అమ్మా అడగలేదు.

ఆసెన్ వాళ్ళు శనివారం వచ్చారు. ఇల్సె అనే అమ్మాయి, ఆమె మొగుడు. ఇద్దరికీ ముప్పై ఉంటాయేమో. లోపల అన్నీ చూసుకున్నారు, పరుపులు నొక్కి చూశారు. కాగితాల మీద సంతకాలు అమ్మ చేయించింది, ఆవిడ ఆ పూట సంతోషంగానే ఉండాల్సింది, కానీ ప్రతి కాగితం రెండుసార్లు చదివింది. వాళ్ళ కారుకు బండి తగిలించబోతుంటే తాతయ్య ఆపాడు. తూకం, కర్ర ముక్క తెచ్చాడు.

ఇల్సె నేల మీద కూర్చోబోయింది.

"నువ్వు కాదమ్మా" అన్నాడు తాతయ్య. మొగుడి వైపు చూపించాడు. "బండి నడిపేది నువ్వేనా?"

"అవునండి."

"అయితే నువ్వు పడుకో. నువ్వు చదవాలి."

"ఈ మధ్య దీనికి చిన్న యంత్రం అమ్ముతున్నారండి, కొనుక్కుంటాం."

"కొనుక్కో. ఇప్పుడు పడుకో."

ఆ అబ్బాయి మంచి చొక్కాతోనే బోర్లా పడుకున్నాడు. "నలభై ఒకటి" అన్నాడు. తాతయ్య వెళ్ళి మడి దగ్గర నుంచి రాళ్ళు తెచ్చాడు, పోయిన వారం తెచ్చినవి కాదు, పాతవి, నాచు పట్టినవి. నాలుగుసార్లు తిరిగాడు. అమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. మడి చుట్టూ వరసలో ఖాళీలు ఏర్పడ్డాయి.

"డెబ్బై" అన్నాడు ఆ అబ్బాయి.

"అంతే. దిగుళ్ళలో తోక ఊపితే బ్రేకు తొక్కకు. కాలు తియ్యి, చేతులు కదపకు." కర్ర, తూకం కూడా ముందు అరలో పెట్టి మూత వేశాడు.

వాళ్ళు బయల్దేరారు. సందు చివర వంతెన అడ్డకర్ర అప్పుడే దిగింది, పడవేదో వస్తోంది. ఇప్పుడు ఆ వంతెనను ఎక్కడో పట్నంలో కూర్చుని కెమెరాలో చూసి ఎత్తుతారు. గాజు గదిలో ఎవరూ లేరు. క్యారవాన్ అడ్డకర్ర ముందు ఆగింది. మేము ముగ్గురం ఇంటి ముందు నిలబడి చూశాం.

"అది అమ్మ తూకం కదూ?" అంది అమ్మ కాసేపటికి. "ఇన్నేళ్ళూ అక్కడుందా?"

"ఊఁ."

"దాన్నెందుకిచ్చేశావు నాన్నా?"

"బండిదే అది."

పడవ పోయింది. వంతెన దిగింది, అడ్డకర్ర లేచింది. క్యారవాన్ వంతెన మీదికెక్కి అటు దిగింది. ఇల్సె కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి ఊపింది. నేను ఊపాను. అమ్మ కూడా ఊపింది. తాతయ్య వైపు చూశాను.

"ఇప్పుడు మీటలేమీ లేవుగా" అన్నాను.

"జేబులున్నాయి" అన్నాడు. రెండు చేతులూ జేబుల్లోనే ఉన్నాయి. మలుపు తిరిగేదాకా బండి తోకనే చూశాడు. ఊగలేదు.